అమ్మల చేత వ్యాపారం పెట్టించడం ఎలా? మేనేజర్లకు సలహాలు

మీ టీములో ఒకావిడ ప్రసూతి సెలవు ముగించుకుని వస్తోందా? కంగారుపడకండి. కాస్త ఓపిక పడితే ఆవిడ చేత రాజీనామా రాయించి, దేశానికో కొత్త వ్యాపారాన్ని అందించవచ్చు. పొమ్మనకుండా పొగబెట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు.

సెలవు జోలికి మాత్రం వెళ్ళకండి. ప్రసూతి చట్టానికి 2017లో వచ్చిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో ఇవ్వాల్సిందే. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం తీసేస్తే కేసవుతుంది. నవ్వుతూ ఇచ్చేయండి. ఆవిడ తిరిగొచ్చేసరికి పాత ప్రాజెక్టు ఇంకొకరి చేతిలో ఉండాలి. "మీకు లైట్‌గా ఉంటుందనండీ" అంటూ ఎవరూ చదవని రిపోర్టులు అప్పగించండి. రేటింగ్ వేళకు "ఆర్నెల్లు లేరు కదా" అని ఒక మెట్టు దించండి.

50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చనీ కూడా చట్టంలో ఉంది. ఉంటే ఉండనీయండి. ఆఫీసు గచ్చిబౌలిలో, ఆవిడ ఇల్లు ఉప్పల్లో, మీరు మాట్లాడి పెట్టిన క్రెష్ మియాపూర్‌లో ఉంటే చాలు.

అన్నిటికన్నా బాగా పనిచేసేది మీటింగు. ఉదయం పదింటికి అయ్యేదాన్ని సాయంత్రం ఆరున్నరకు పెట్టండి. అమెరికా క్లయింటు పేరు చెబితే ఎవరూ నోరెత్తరు (ఆ క్లయింటు వారానికొక్కసారే కాల్‌లోకి వస్తాడన్నది మనలో మాట). ఐదున్నరకు ఆవిడ బ్యాగు సర్దుకుంటుంటే "ఏంటండీ, హాఫ్ డేనా?" అని నలుగురూ వినేలా అడగండి. బిడ్డను నిద్రపుచ్చి రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ లాగిన్ అయి చేసే పని లెక్కలోకి రాదు. మీ కంటికి కనబడలేదు కదా.

రాజీనామా రాగానే కారణం దగ్గర "వ్యక్తిగతం" అని రాసుకోండి. ఆవిడ సున్నుండలో, మగ్గం వర్క్ జాకెట్లో మొదలుపెడుతుంది. ముద్రా పథకంలో శిశు రుణం కింద 50,000 రూపాయల వరకు దొరుకుతుంది, మిగతాది మెడలో గొలుసు చూసుకుంటుంది. మొదట్లో పాత జీతంలో సగమైనా రాదు. అర్ధరాత్రి దాకా ఆర్డర్లు ప్యాక్ చేస్తుంది. కానీ మధ్యాహ్నం బిడ్డకు జ్వరమొస్తే ఎవరినీ బతిమాలకుండా ఆసుపత్రికి తీసుకెళ్తుంది. ఈ ఒక్కటీ మనమే ఇచ్చి ఉండొచ్చు కదా అని టీములో ఎవరైనా గొణిగితే, "ఆవిడకు వ్యాపారమంటే మొదటినుంచీ ప్యాషనండీ" అని ఆపేయండి.

మార్చి 8న ఆవిడను పిలిచి, ఇంటినీ పనినీ ఎలా సమన్వయం చేసుకోవాలో మీ ఉద్యోగినులకు చెప్పించండి. పారితోషికంగా ఒక శాలువా. దీపావళి స్వీటు బాక్సులు కూడా ఆవిడకే ఆర్డరివ్వండి, పాత పరిచయం కాబట్టి గట్టిగా బేరమాడి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం ఒకటుంది. ఆవిడకు అది తెలిసే అవకాశం తక్కువ. సంక్రాంతి దాకా లాగండి.