కొత్త జిమ్నీ కొన్నవాళ్లు వినకూడని సలహాలు

ఐదు తలుపుల మారుతి జిమ్నీ 2023 జూన్‌లో మన రోడ్ల మీదికి వచ్చింది. దాన్ని కొన్నవాళ్లలో చాలామంది కోరిక ఒకటే. మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలి, లంబసింగి చలిలో తెల్లవారాలి, సెలవు దొరికితే స్పితి, లద్దాఖ్ చూడాలి, రాత్రిళ్లు బండిలోనే పడుకోవాలి. చక్కటి కోరిక. కాకపోతే బండి ఇంటికొచ్చిన వారానికే సలహాలిచ్చేవాళ్లు చుట్టూ చేరతారు. సీటు కవర్ల షాపతను, క్యారియర్లు చేసే వెల్డింగ్ షాపాయన, కిందటేడు థార్ కొన్న బావమరిది, ఎవరూ ఊరుకోరు. వాళ్లు చెప్పేవాటిలో కొన్ని డబ్బు దండగ, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. నా చెవిన తరచుగా పడేవి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకు వినకూడదో కూడా చెబుతూ.

"వెనక సీటు తీసేసి చెక్క మంచం కొట్టించు, కింద డ్రాయర్లు పెట్టించు."

అందరూ చెప్పేది ఇదే, ఫొటోల్లో అందంగా కనిపించేదీ ఇదే. చెక్క పని మొదలుపెట్టకముందే బరువు లెక్క చూసుకోండి. ఖాళీ జిమ్నీ బరువు రకాన్ని బట్టి 1195 నుంచి 1210 కిలోలు. మనుషులతో, సామానుతో కలిపి మొత్తం 1545 కిలోలు దాటకూడదని కంపెనీ లెక్క. అంటే అన్నిటికన్నా బరువైన ఆటోమేటిక్ రకంలో మీరు మోయించగలిగేది 335 కిలోలు మాత్రమే. ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున ఇద్దరు ఎక్కితే మిగిలేది 195. పద్దెనిమిది ఎంఎం ప్లైవుడ్ ఎనిమిదడుగుల నాలుగడుగుల షీటు ఒక్కటే ముప్పై కిలోల పైన తూగుతుంది. మంచానికీ డ్రాయర్లకీ రెండు షీట్లు పడతాయి. పట్టాలు, కీళ్లు, మరలు కలిపితే అది 80 దగ్గర తేలుతుంది. పైన టెంటు, దాని కింద ఇనుప క్యారియర్, రెండూ కలిపి ఇంకో 75 వేసుకోండి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు పెడితే నలభై. లెక్క అక్కడికే సరి. పరుపు, బియ్యం, స్టవ్వు, బట్టలు, పనిముట్లు, పిల్లలు ఇంకా ఎక్కనే లేదు.

బరువు పెరిగితే ముందు దెబ్బతినేవి బ్రేకులు. ఘాట్ దిగేటప్పుడు అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. స్ప్రింగులు కుంగితే నేలకీ బండికీ మధ్య ఉన్న 210 ఎంఎం ఎత్తు తగ్గిపోతుంది. ఆ ఎత్తు కోసమే కదా ఈ బండి కొన్నది?

దీనికి మందు చవకైనది. ముందు సీటు తలగడ తీసి, సీటుని ముందుకి జరిపి వెనక్కి వాలిస్తే అది వెనక సీటుతో దాదాపు కలిసిపోతుంది. ఒక్కరు పడుకోవడానికి అది చాలు. ఇద్దరికి కావాలంటే వెనక సీటు మడిచి, అక్కడ మిగిలే మెట్టుని పన్నెండు ఎంఎం పలకతో కప్పి, మూడు మడతల ఫోమ్ పరుపు వేసుకోండి. పలక విడిగా ఉండాలి, ఐదు నిమిషాల్లో తీసి ఇంట్లో గోడకి ఆనించేలా ఉండాలి. డ్రాయర్ల బదులు మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు నాలుగు తీసుకోండి. బిగించిన డ్రాయర్ ఇంకో ప్రయాణానికి మారదు, డబ్బాని మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు దించేయవచ్చు.

సామానంతా సర్దుకున్నాక, మీ వాళ్లందరినీ ఎక్కించుకుని, ఊరి బయట రైస్ మిల్లు దగ్గరుండే లారీల కాటా ఎక్కించండి. చిన్న రుసుముతో నిజమైన బరువు కాగితం మీద చేతికొస్తుంది. నాకు తెలిసి బండి మీద పెట్టే ఖర్చుల్లో ఇంతకన్నా ఉపయోగమైనది లేదు.

"లోపల చోటు లేకపోతే పైన కట్టెయ్."

జిమ్నీ వెడల్పు 1645 ఎంఎం, ఎత్తు 1720. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువున్న బండి ఇది. దాని నెత్తిన బరువు పెట్టి ఘాట్ మలుపులో స్టీరింగ్ తిప్పితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. రూఫ్ ఎంత మోయగలదో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అది చాలా చిన్న అంకె. క్యారియర్ బరువు కూడా అందులోదే. పైన పెట్టేవి తేలికవే కావాలి, టార్పాలిన్, పరుపు, ఖాళీ సంచులు. బరువైనవన్నీ నేల మట్టాన, సీటు వీపుకి ఆనించి, తాడుతో గట్టిగా కట్టాలి. గట్టిగా బ్రేకు కొడితే కట్టని నీళ్ల క్యాను నేరుగా మీ మెడ మీదికి వస్తుంది. కుక్కరు, గ్యాస్ సిలిండరు సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. ఈ బండి వెనక తలుపు పక్కకి తెరుచుకుంటుంది, స్టెప్నీ దాని మీదే ఉంటుంది. పైకి లేచే డిక్కీలా అది నీడ ఇవ్వదు. వానలో వెనక నిలబడి వంట చేయాలంటే రెండు కర్రలు, ఒక చిన్న టార్పాలిన్ తప్పనిసరి.

"ఏసీ వేసుకుని హాయిగా పడుకో."

ఈ సలహా ఇచ్చేవాళ్లకి చేతులు జోడించి చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పకండి. ఏసీ నడవాలంటే ఇంజిన్ నడవాలి. ఇంజిన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, కళ్లు తిరగడం తెలుస్తాయి, తలుపు తీసుకుని బయటికొస్తాడు. నిద్రపోయేవాడికి ఏమీ తెలియదు.

రోడ్డు మీద తిరిగే కారుకన్నా మన బండికి ఈ ముప్పు ఎక్కువ. రాళ్ల మీద నడిపినప్పుడు సైలెన్సర్‌కి దెబ్బ తగిలి ఎక్కడో అతుకు వదులైతే, ఆ పొగ కిందినుంచే లోపలికి చేరుతుంది. మంచులో ఆపితే పొగగొట్టం పూడిపోతుంది. ఎండుగడ్డి మీద ఇంజిన్ నడుస్తూ ఆగిన బండి గడ్డికి నిప్పంటించగలదు, సైలెన్సర్ అంత వేడిగా ఉంటుంది. లంబసింగి చలికి తట్టుకోలేక కుంపటి లోపల పెట్టుకోవడం, తలుపులు మూసి గ్యాస్ స్టవ్వు మీద టీ కాయడం, ఇవీ అదే దారిలోవి. చలికి జవాబు రగ్గు. వేడికి జవాబు ఎత్తైన చోటు, లేదంటే వేరే నెల. మే నెలలో రామగుండంలోనో కడపలోనో బండిలో పడుకోవాలన్న ఆలోచన మానుకుని లాడ్జిలో గది తీసుకోండి.

దీనికి తోడుగా వచ్చే మాట, "దోమలొస్తాయి, అద్దాలన్నీ బిగించు" అని. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరి చల్లటి అద్దాల మీద నీరై కారుతుంది, పరుపు తడిసి ముద్దవుతుంది. ఎదురెదురు కిటికీలు రెండు, వేలు దూరేంత తెరిచి ఉంచాలి. అలాగని దోమల్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఏజెన్సీలో మలేరియా నిజంగా ఉంది. తలుపు పైనుంచి తొడిగే దోమతెర సంచుల్ని దర్జీ చేత కుట్టించుకోవచ్చు. ఈ బండికి నేను మొదట చేయించమనేది అదే.

"మంచి రెక్సిన్ కవర్లు వేయించు, లోపల నాలుగు హుక్కులు బిగించు." జిమ్నీలో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. కొన్ని ముందు సీట్ల పక్క అంచుల్లో, కొన్ని తలుపుల పైన రూఫ్ అంచు వెంట ఉంటాయి. బిగుతుగా కుట్టిన కవరు మొదటివాటిని తెరుచుకోనివ్వదు. రూఫ్ అంచున బిగించిన హుక్కు, వల, కర్టెన్ పట్టీ రెండోవాటికి అడ్డం. ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట కుట్టు వదిలిన కవర్లు అడిగి తీసుకోండి, పడుకునే ముందు కట్టిన కర్టెన్ బండి కదిలే ముందు విప్పేయండి.

పెద్ద టైర్లు, ఇనుప బంపర్ల సంగతికొస్తే, ఇందులో చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముందు బిగించే బుల్‌బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. సీటు పీకేయడానికి ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. చట్టం పక్కనపెట్టినా, కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైరు సన్నగా ఉన్నా బండి బరువుకి సరిపోతుంది. ఒకటిన్నర లీటరు పెట్రోలు ఇంజిన్ చేత పెద్ద చక్రాలు తిప్పిస్తే ఎత్తులో నీరసపడుతుంది. ఆ డబ్బుతో గాలి కొట్టే చిన్న పంపు, గాలి చూసే మీటరు, గట్టి తాడు, ఒక పార కొనుక్కోండి. ఇసుకలో దిగబడ్డప్పుడు టైరులో గాలి తగ్గించి బయటపడి, మళ్లీ కొట్టుకోవడం నేర్చుకుంటే పెద్ద టైరు అవసరం చాలావరకు తీరుతుంది.

కరెంటు కెటిల్ పెట్టుకోమంటారు. 1000 వాట్ల కెటిల్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 83 ఆంపియర్లకు పైగా లాగుతుంది. స్టార్టింగ్ బ్యాటరీ దానికోసం పుట్టలేదు, పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోవచ్చు.

చివరగా, "బండే ఇల్లు కదా, అడవిలో ఎక్కడ ఆపుకుంటే ఏం?" అనే మాట. హైదరాబాద్-శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. అది పులుల అడవి, రాత్రి వాటిది. పడుకోవడానికి అటవీ శాఖ, పర్యాటక శాఖ అనుమతించిన చోట్లున్నాయి, దారి పక్క ఊళ్లున్నాయి. ఊళ్లో ఆపితే ముందు ఒకరిని పలకరించి, అనుమతి అడిగి ఆపండి. ఆడవాళ్లు, పెద్దవాళ్లు వెంట ఉంటే మరుగుదొడ్డి ఉన్నచోటే రాత్రి గడపాలి. ఈ విషయం సలహాలిచ్చే మగవాళ్లలో ఒక్కరి నోటా నేను వినలేదు.

కాబట్టి బండి కొత్తగా ఉన్నప్పుడు ఏ షాపుకీ వెళ్లకండి. ముందు ఇంటి ముందే ఆపి, అద్దాలు కొంచెం దించి, ఉన్న పరుపు వేసుకుని అందులో ఒక రాత్రి పడుకోండి. కాళ్లు ఎక్కడ తగులుతున్నాయో, గాలి ఎటునుంచి వస్తోందో, నీళ్ల సీసా చేతికి అందుతోందో లేదో మీకే తెలుస్తుంది. వడ్రంగికి కొలతలు ఆ తర్వాతే ఇవ్వండి.