గండికోటకు పడిన గండి

తెలుగువాడికో అలవాటుంది. సొంత ఊళ్లో ఏదైనా బాగుంటే ఒక పట్టాన నమ్మడు. అది ఇంకెక్కడో ఉన్నదానిలా ఉందని ఎవరైనా చెబితే వెంటనే నమ్మేస్తాడు. అందుకే తెనాలి ఆంధ్రా ప్యారిస్ అయింది. లంబసింగి ఆంధ్రా కాశ్మీర్ అయింది. ఆంధ్రా ఊటీ పదవికి అరకు, హార్స్‌లీ హిల్స్ రెండూ బరిలో ఉన్నాయి. రెండో బొంబాయి కిరీటానికి ఆదోని పత్తి చూపిస్తే, ప్రొద్దుటూరు బంగారం చూపిస్తుంది. విశాఖ తీరానికి తూర్పు గోవా అని పేరు పెట్టుకున్నాం. గోవా వాళ్లు మాత్రం ఇంతవరకు తమ ఊరిని పడమటి విశాఖ అనుకున్న పాపాన పోలేదు.

ఈ పంపకంలో కడప జిల్లా వాటాకు వచ్చిన బిరుదు 'ఇండియా గ్రాండ్ కాన్యన్'. బిరుదు మోస్తున్నది గండికోట.

మొన్న చలికాలంలో డాలస్ నుంచి మా బామ్మర్ది దిగాడు. "బావా, రోడ్ ట్రిప్ వేద్దాం" అన్నాడు. వేశాం. పొద్దున గండికోట, మధ్యాహ్నం బేలం గుహలు, సాయంత్రం యాగంటి. దేవుడైనా గుహైనా గంటన్నరకు మించి ఇవ్వకూడదని వాడి లెక్క. జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. వాడు ప్లేటు ఫొటో తీసి, కింద 'రాయలసీమ పోహా' అని రాశాడు. బొరుగులకూ అటుకులకూ తేడా వాడికి తెలియక కాదు. చూసేవాళ్లకు అర్థం కావాలట. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కోట వాకిలి దాటాక పావురాల గోపురం కనిపించింది. "చార్మినార్‌లా ఉంది" అని సాగిపోయాడు. జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి కారు అద్దంలో చూసినట్టే చూశాడు. నేరుగా అంచుకు పోయి, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టున్న బండల మీద నిలబడి కిందికి తొంగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి ఒక్క మాటన్నాడు.

"ఇంతేనా బావా?"

వాడి తప్పేం లేదు. వాడు లాస్ వేగాస్ మీదుగా అసలుది చూసొచ్చాడు. దాని పొడవు 446 కిలోమీటర్లు. బాగా వెడల్పున్న చోట 29 కిలోమీటర్లు. లోతు 1,800 మీటర్ల పైమాట. మన గండిలో ఈ అంచున కేక వేస్తే ఆ అంచున మేకల కాపరి తిరిగి చూస్తాడు. మైసూర్‌పాక్ పెడతామని పిలిచి చేతిలో బెల్లం ముక్క పెడితే, మంచి బెల్లం కూడా చప్పగానే ఉంటుంది.

అసలు వింత వేరే ఉంది. ఎర్రమల కొండలను పెన్న కోసుకుపోయిన సందును ఇక్కడివాళ్లు గండి అన్నారు. గండి అంచున కట్టింది కాబట్టి కోట గండికోట అయింది. అంటే కాన్యన్ అన్న మాట పేరులోనే ఉంది, అదీ ముందు భాగంలోనే. ఉన్న పేరును ఇంగ్లిషులోకి మార్చి, దానికి అమెరికా ముద్ర వేయించి, మళ్లీ మన నెత్తినే పెట్టుకుని ఊరేగుతున్నాం.

పోనీ వయసు చూద్దామా? గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడితే కాలికింద రాయి వయసు సుమారు 27 కోట్ల ఏళ్లు. మన అంచున ఉన్న రాయి అంతకన్నా చాలా పాతది. ఆ రాతిపొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'గండికోట క్వార్ట్‌జైట్'. ఇలాంటి పొరలన్నీ పరుచుకున్న నేలను వాళ్లు కడప బేసిన్ అంటారు. రాళ్లు చదివినవాళ్లకు మన పేరు సరిపోయింది. రీళ్లు తీసేవాళ్లకే చాలలేదు.

పేరులో సీనియారిటీ కూడా మనదే. పెమ్మసాని నాయకుల చేతిలోంచి ఈ కోటను లాక్కున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ 1652లో ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ ఫిరంగులు పోతపోయడం గురించీ రాశాడు. గ్రాండ్ కాన్యన్‌లోని కొలరాడో నది మీద అన్వేషకుడు పావెల్ పడవలేసుకుని బయల్దేరింది 1869లో. గ్రాండ్ కాన్యన్ అన్న పేరు జనం నోట స్థిరపడింది ఆ తర్వాతే. లెక్క ప్రకారం అరిజోనా వాళ్లే తమదాన్ని 'అమెరికా గండికోట' అనుకోవాలి.

"మార్కెటింగ్ బావా, లేకపోతే ఎవరొస్తారు?" అన్నాడు బామ్మర్ది. వస్తున్నారు, నిజమే. వచ్చి అంచు చూసి వెళ్తున్నారు. కాన్యన్‌కు ఉండేది అంచే కదా! కోటకైతే వాకిలి ఉంటుంది, కొట్టు ఉంటుంది, కోనేరు ఉంటుంది, గుడీ మసీదూ ఉంటాయి. అరువు పేరు పెట్టిన రోజే వాటన్నిటినీ చూసేవాళ్ల కళ్ల ముందునుంచి తీసేశాం. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషం. అందులో ఒక బోర్డు ఖర్చు మిగిలితే, గండి అంటే ఏమిటో తెలుగులో రాయించండి చాలు.

తిరిగొస్తూ టీ బండి దగ్గర ఆగాం. బామ్మర్ది ఫోన్ తీసి అసలు గ్రాండ్ కాన్యన్ ఫొటోలు టీ పోసే అవ్వకు చూపించాడు. ఆమె కళ్లు చిట్లించి ఒక్కొక్కటీ ఓపిగ్గా చూసింది.

"బాగుంది నాయనా. ఆడ కోట యాడుండాది?"

"కోట లేదవ్వా."

"మరి అంత గండి ఎందుకూ?" అని గ్లాసు అందించింది.

బామ్మర్దికి జవాబు దొరకలేదు. గండిలో నీళ్లు మాత్రం బాగున్నాయని, ఎంత సహజంగా ఉన్నాయో అని మాట మార్చాడు. దిగువన మైలవరం ఆనకట్ట, ఎగువన గండికోట జలాశయం. ఎగువదాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. అది నిండాలని ఊళ్లకు ఊళ్లే మునిగాయి. సహజమే మరి.

డబ్బులిస్తూ "మీదే ఊరవ్వా?" అని అడిగాను.

"తాళ్లప్రొద్దుటూరు."

ఆ ఊరు ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. ఆమె ఉండేది ఎక్కడో పునరావాస కాలనీలో. అయినా ఆ పేరే చెప్పింది, ముందు ఏ ఆంధ్రానూ తగిలించకుండా.