కేజీఎఫ్ చూడబోయేవారికి సాదలి సలహాలు

సాదలి నుంచి కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనులు, చూడ్డానికి పోవాలనుకుంటే అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, ఆ ఊరి గురించి ఏమీ చదవకుండా ఉండటం. సినిమా చాలు. 2018లో వచ్చిన మొదటి భాగం, 2022లో వచ్చిన రెండో భాగం ఇంకోసారి చూసి బండెక్కండి. గని ఎట్లా ఉంటుంది, కూలీలు ఎట్లా ఉంటారు, వాళ్ళను రాకీ భాయ్ ఎట్లా వచ్చి విడిపిస్తాడు, అన్నీ అందులోనే ఉన్నాయి. సినిమాలో గని పేరు నరాచి అనీ, అది కల్పితమనీ ఎవరైనా అడ్డం తగిలితే ‘తెలుసులేప్పా’ అని ముందుకు పోండి. పైగా ఆ సినిమా తీసిన ప్రశాంత్ నీల్ పూర్వీకులది మడకశిర దగ్గరి నీలకంఠాపురం. మన పక్కవాళ్ళ పిల్లోడు తీసిందాంట్లో అబద్ధం ఉంటుందా?

ఈ సలహాలిచ్చే అర్హత నాకెక్కడిదంటారా? నేను ఆ గనుల్లో దిగలేదు. దిగినవాళ్ళు చెప్పడం మొదలుపెడితే ‘అయితే’ అంటారు, ‘కానీ’ అంటారు, మధ్యలో దగ్గుతారు. సూటిగా చెప్పాలంటే నాలాంటివాడే చెప్పాలి.

దారి సులువే. శిడ్లఘట్ట, చింతామణి, కోలారు, ఆ తర్వాత గనులు. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ మార్కెట్టు, చింతామణి దగ్గర తెలుగులో కూడా తత్వాలు పాడిన తాతయ్యగారి కైవారం, కోలారులో టమాటా మండీ తగులుతాయి. ఎక్కడా ఆగొద్దు, అవి ఏ సినిమాలోనూ లేవు. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడేదాకా మనదీ కోలారు జిల్లాయే కనుక ఆ బంగారంలో మనకూ ఇంత వాటా ఉందన్న ధీమాతో నడవండి.

చేరాక టికెట్ కౌంటరు కోసం వెతకండి. కనబడదు. గైడు కోసం కేకేయండి. పలకడు. దీనికి నొచ్చుకోకండి, ఇది అదృష్టం. పద్ధతిగా తెరిచిన పాత గనుల్లో పడే బాధలు మీకు తెలియవు. వేల్స్‌లో బిగ్ పిట్ అనే బొగ్గు గని ఉంది. 1980లో మూసేశారు, 1983లో జనం చూడ్డానికి తెరిచారు. అక్కడ ఒకప్పుడు గనిలో పనిచేసినవాళ్ళే తలకు టోపీ పెట్టి, దీపం తగిలించి, 90 మీటర్ల లోతుకు దింపి చూపిస్తారు. దిగేముందు అగ్గిపెట్టె, బ్యాటరీ గడియారం, ఫోను కూడా తీసి పెట్టుకుంటారు! ఫోను లేకుండా చూస్తే చూసినట్టు సాక్ష్యమేది? పోలండులో వియెలిచ్కా ఉప్పు గని 1978లో యునెస్కో వేసిన మొట్టమొదటి జాబితాలోనే ఉంది. అక్కడా క్యూలో నిలబడాలి, గైడు వెంట నడవాలి. తెలంగాణలో సింగరేణి, ఆర్టీసీ కలిసి 2022లో సింగరేణి దర్శన్ అని బస్సు వేశాయి. దానికేమో బస్సు టైముకు లేవాలి. మన కేజీఎఫ్‌లో ఈ తంటాలేవీ లేవు. ఈ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. సర్కారు దాన్ని యాత్రాస్థలంగా తీర్చిదిద్దేదాకా మనమెక్కడ ఆగుతాం? మన ఫోన్లతో మనమే తీర్చిదిద్దుకున్నాం.

మొదట ఎక్కాల్సింది సైనైడ్ దిబ్బ. గనిలోంచి తెచ్చిన రాయిని మిల్లులో పిండి చేసి, సైనైడ్ కలిపిన నీళ్ళతో అందులోని బంగారాన్ని కరిగించి లాగేసుకున్నాక మిగిలిన మట్టిని పోస్తూ పోతే పేరుకున్న గుట్టలివి. మొత్తం 13 దిబ్బలు, సుమారు 3.3 కోట్ల టన్నులు. సినిమా సెట్టు వేసింది ఇట్లాంటి దిబ్బ మీదే. అంటే ఇది కొండా కాదు, చెత్తా కాదు, షూటింగు స్పాటు. జోడు చేతబట్టుకుని ఎక్కండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవద్దు, వీడియోలో మొహం కనబడదు. పైకి చేరాక పిడికెడు మట్టి తీసి గాలిలోకి ఎగరేసి, అది స్లో మోషన్‌లో కిందికి దిగేదాకా నిలబడండి. ఎండాకాలమైతే మీరు ఎగరేయనక్కర్లేదు, గాలికి దానంతటదే లేచి చుట్టుపక్కల ఇళ్ళలోకి పోతుంది, అన్నం కంచాలదాకా. రాతిధూళి పీల్చి పీల్చి గనివాళ్ళు సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నారని చెబుతారు, నిజమే. అయితే మీరుండేది అరగంట, అక్కడివాళ్ళుండేది జీవితాంతం. దుమ్ము వాళ్ళకు, సెల్ఫీ మీకు. పంపకం సరిగ్గానే ఉంది.

ఖాళీ నీళ్ళ బాటిళ్ళు అక్కడే పారేసి, ఆ చోట్లో ఒక గోనెసంచి మట్టి తెచ్చుకోండి. అందులో బంగారం ఇంకా మిగిలే ఉంది. ఉందని తెలిసే కదా, దిబ్బల్లోంచి మళ్ళీ తీద్దామన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది! టన్ను మట్టికి గ్రాము కూడా రాదని లెక్క తెలిసినవాళ్ళు అంటారు. పెళ్ళి ఉంగరానికి ఎన్ని ట్రాక్టర్ల మట్టి తోలాలో ఆ లెక్కలు వాళ్ళకే వదిలేయండి.

తర్వాత షాఫ్టు. చుట్టూ గోడ, పైన మూత, దగ్గరికి రావద్దని బోర్డు ఉన్నచోట అదే అని గుర్తు. వద్దని రాశారంటే లోపల ఏదో దాచారనే అర్థం. ఎంత లోతని అడుగుతారేమో, చాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్లు. మన నంది కొండ సముద్రమట్టానికి 1,478 మీటర్లు. రెండు నంది కొండల్ని ఒకదాని కింద ఒకటి దించినా అడుగు తగలదు. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది, పైనుంచి చల్లగాలి పంపితే గాని మనిషి నిలబడలేకపోయేవాడు. పైనున్న బరువుకు రాయి ఉన్నట్టుండి పేలేది. రాక్‌బర్స్ట్ అనేవాళ్ళు దాన్ని. కింద పేలితే పైన ఊళ్ళో ఇళ్ళు అదిరేవి. మూతపడ్డాక నీళ్ళు తోడే పంపులు ఆగిపోయాయి, లోపలంతా నీళ్ళు. 2020లో మారికుప్పం దగ్గర మూతపడిన గనిలోకి దొంగచాటుగా దిగిన ముగ్గురు తిరిగి రాలేదు. (ఈ ఒక్క వాక్యం సలహాల్లో చేరదు.)

ఆ లోతుల్లోనే 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, జపాను ఒసాకా వాళ్ళు, ఇంగ్లండు డరహం వాళ్ళు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో అట్లా పట్టిన తొలిచోట్లలో అదొకటి. కానీ న్యూట్రినో ఫోటోలో పడదు, వదిలేయండి.

ఊళ్ళో పాత బంగళాలు, చర్చిలు, క్లబ్బు కనబడతాయి. ‘చిన్న ఇంగ్లండు’ అని శీర్షిక పెట్టి వాటిని మాత్రమే తీయండి. కూలీల లైన్ల ఇళ్ళ వైపు పోవద్దు, ఫ్రేములోకి ఆరేసిన బట్టలు అడ్డమొస్తాయి. లావెల్ అనే మాజీ సిపాయి కథ మాత్రం తప్పక చెప్పండి. 1870లలో మైసూరు సర్కారు దగ్గర తవ్వుకునే అనుమతి సంపాదించాడాయన. పెద్దగా బంగారం కళ్ళచూడలేదు గాని బెంగుళూరులో ఆయన పేర రోడ్డు మిగిలింది. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ వచ్చి అసలు తవ్వకం సాగించింది. ఆ కంపెనీ కింద, తర్వాత సర్కారు కింద చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపుల నుంచి వచ్చి దిగిన తెలుగు, తమిళ కూలీల్లో దళితులే ఎక్కువ. నూటిరవై ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం పైకి పంపింది వాళ్ళు. వాళ్ళ పేర్లతో ఎన్ని రోడ్లున్నాయో మ్యాపులో వెతుక్కోండి, దారిలో కాలక్షేపమవుతుంది.

కరెంటు సంగతి కూడా ఎత్తొద్దు. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్లు తీగ లాగి గనులకు కరెంటిచ్చారు. బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. ఈ ముక్క సాదలి పెద్దల ముందు అన్నారంటే మన ఊరికి స్తంభాలెప్పుడు వచ్చాయో మొదలుపెడతారు, ఇక ఆ పూట కదలలేరు.

వెళ్ళాల్సింది పనిదినంలో, మధ్యాహ్నం. అప్పుడే లైన్ల వీధులు ఖాళీగా ఉంటాయి. ‘దెయ్యాల పట్నం’ అని తాటికాయంత అక్షరాలతో పెట్టేయొచ్చు. ఎందుకు ఖాళీగా ఉన్నాయని మాత్రం ఆరా తీయొద్దు. గనులు మూతపడ్డాక అక్కడి జనం చీకటితోనే లేచి మారికుప్పం, చాంపియన్, ఊరిగాం, కోరమండల్ స్టేషన్లలో రైలెక్కుతున్నారు. బెంగుళూరులో కూలిపని, ఫ్యాక్టరీ పని, ఆఫీసు పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరుతున్నారు. పోనూ రానూ రోజుకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు. ఒకప్పుడు నిలువుగా భూమిలోకి పోయినవాళ్ళ పిల్లలు ఇప్పుడు అడ్డంగా బెంగుళూరుకు పోతున్నారు, అంతే తేడా. మీరు సాయంత్రం దాకా ఉంటే దెయ్యాలన్నీ రైలు దిగి కూరగాయల సంచులతో ఇళ్ళకు రావడం కనబడుతుంది. శీర్షిక పాడవుతుంది. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు వైపైతే పగలు కూడా కెమెరా తిప్పొద్దు, అక్కడ కాలు పెట్టే సందుండదు.

చివరగా మాటల విషయం. కనబడిన పెద్దాయన్ని ఆపి ‘తాతా, రాకీ భాయ్ ఇల్లెక్కడ?’ అని హిందీలో అడగండి. ఆయన మొహం తిప్పుకుని పోతే, ఈ ఊరివాళ్ళకు మర్యాద తెలియదని కింద రాసుకోండి. తెలుగులో మాత్రం పలకరించొద్దు. ఆ ఊళ్ళో తమిళం, తెలుగు, కన్నడం ఒకే నోట తిరుగుతుంటాయి, వెంటనే తెలుగులోనే బదులొస్తుంది. ‘ఏ ఊరు నాయనా?’ అంటాడు. సాదలి అంటే ఆ పక్క తనకెవరున్నారో చెబుతాడు. బెంచీ మీద కూర్చోమంటాడు, టీ వస్తుంది. ఏ షాఫ్టులో దిగేవాడో, రాయి పేలిన రోజున పక్కన ఎవరున్నారో, కంపెనీ ఇచ్చిన క్వార్టరు తన పేరు మీదికి వస్తుందో రాదో, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఈ లోపల పొద్దు వాలిపోతుంది, దిబ్బ మీద వెలుతురు పోతుంది, చేతిలో ఒక్క వీడియో ఉండదు. నా మాట వినకుండా అక్కడ కూర్చున్నవాళ్ళు తర్వాత వచ్చి నన్ను అడగొద్దు.