ఆరు మిల్లీమీటర్ల సావుకారు

తుపాకీ సావుకారు తుపాకులు అమ్మడు, కాల్చేదీ అరుదే. ఖరీదైన రైఫిలొకటి కొని, పెట్టిన డబ్బు దండగ కాలేదని చచ్చేదాకా రుజువు చేస్తూ ఉండడమే అతని వృత్తి. బళ్ళారి సీమలో, ముఖ్యంగా రూపనగుడి లాంటి సరిహద్దు ఊళ్ళలో, ఈ రకం బాగా పండుతుంది. దానికి కావలసినవన్నీ అక్కడున్నాయి: నల్లరేగడి, మిరప, పత్తి, ధర బాగా పలికిన ఏడు మిగిలే డబ్బు. కొందరికి ఇనుప ఖనిజం లారీలు తోలిన డబ్బు కూడా తోడైంది. 2011 జులైలో సుప్రీంకోర్టు గనులు ఆపించాక లారీలు పోయాయి, రైఫిలు మిగిలింది. ఇంట్లో మాట తెలుగు, లైసెన్సు పనంతా కన్నడం. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి బళ్ళారి మైసూరు వైపు మిగిలిపోవడంతో వియ్యపువాళ్ళు అవతల రాష్ట్రంలో పడ్డారు. తుపాకీని హద్దు దాటించి వాళ్ళకు చూపించాలంటే లైసెన్సులో ఆ మేరకు అనుమతి రాసి ఉండాలి. కాబట్టి వియ్యపువాళ్ళే వచ్చి చూస్తారు.

చూపించడానికి ఒక పద్ధతి ఉంది. నాటకాలకు పేరుపడ్డ బళ్ళారి రాఘవ జిల్లా ఇది. నాటకకర్త రూపనగుడి నారాయణరావు ఇంటిపేరు ఈ ఊరిదే. ఆ గాలి సావుకారుకూ సోకి ఉంటుంది. సాయంత్రం అరుగు మీద నలుగురు చేరాక లోపల్నుంచి తోలుపెట్టె వస్తుంది. మూత తీస్తే ఎర్ర మఖమలు, అందులో రైఫిలు. బోల్టు ఒకసారి వెనక్కి లాగి ముందుకు తోస్తాడు. ఆ చప్పుడు వినిపించడానికే అప్పటిదాకా అందరినీ మాట్లాడనివ్వడు. ఇక ఎవరో ఒకరు అడగక తప్పదు.

“ఎంత పడింది సావుకారూ?”

“రేటు అడగొద్దప్పా. పనితనం చూడల్ల.”

అయిదు నిమిషాల్లో రేటు తనే చెబుతాడు. ఆ డబ్బుకు ట్రాక్టరు వచ్చేదని ఎవరో గొణుగుతారు. అసలు విచారణ అక్కడ మొదలవుతుంది, ఏళ్ళ తరబడి తెగదు.

సావుకారు మొదటి సాక్ష్యం ఒక కాగితం. మూడు చిల్లులు ఒకదాన్నొకటి తాకుతున్న టార్గెట్ ముక్క, నాలుగు మడతలై, లైసెన్సు పుస్తకంలో భద్రంగా ఉంటుంది. మంచి కార్ఖానా రైఫిలు నూరు మీటర్ల దూరంలో గుళ్ళను మూడు నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల మేరలో వేస్తుంది. పనివాడు చేత్తో కట్టిన రైఫిలు, సరైన తూటాలు దొరికితే, ఒకటిన్నర సెంటీమీటర్ల లోపల వేయగలదు. ఇంతవరకు అతను చెప్పేది నిజమే. అయితే ఆ కాగితం ఒక్కటే ఎందుకు మిగిలిందనేది ప్రశ్న. మిగతా కాగితాలు పొయ్యిలోకి పోయాయి. మూడు గుళ్ళ గుంపు ఎప్పుడూ తుపాకీని ఉన్నదానికంటే గొప్పగా చూపిస్తుంది. అదే తుపాకీతో పది గుళ్ళు వేస్తే గుంపు సగటున ఒకటిన్నర రెట్లకు పైగా విచ్చుకుంటుంది. పది వేసి చూపమంటే తూటాల ధర గుర్తుచేస్తాడు.

ఇందులో లెక్క ఒకటుంది, అది సావుకారుకు ఎవరూ చెప్పరు. తుపాకీ తప్పు, మనిషి తప్పు మామూలు కూడికలా కలవవు; రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. చేనిగట్టు మీద మోకాలు ఆనించి, రొప్పుతూ, నూరు మీటర్ల దూరాన గురి పెట్టిన మనిషి చెయ్యి పదిహేను సెంటీమీటర్ల మేరలో అటూ ఇటూ పోతుందనుకుందాం. అది ఉదారమైన అంచనాయే. ఆ చేతిలో నలభై అయిదు మిల్లీమీటర్ల కార్ఖానా రైఫిలు పెడితే మొత్తం తప్పు నూట యాభై ఏడు మిల్లీమీటర్లు అవుతుంది. పదిహేను మిల్లీమీటర్ల చేతిపని రైఫిలు పెడితే నూట యాభై ఒకటి. లక్షలు పోసి కొన్నది ఆరు మిల్లీమీటర్లు. అడవిపందికి తగలవలసిన చోటు జానెడుంటుంది కాబట్టి ఈ ఆరు మిల్లీమీటర్లకు పందికీ పట్టింపు లేదు.

రెండో సాక్ష్యం కర్ర. వాల్‌నట్ మొద్దు నుంచి తీసి, నూనె పట్టించి, చీకటి చారలు తేలేదాకా రుద్దిన కర్ర. పట్టుకునేచోట సన్నగా కొట్టిన గళ్ళు. ఇనుము మీద చేత్తో చెక్కిన తీగలు, పులులు. ఇది గొప్ప పనే, కాదనేవాడు పాపి. లండన్ తుపాకీ కంపెనీల్లో డబల్ రైఫిలు ఒకటి తయారు కావాలంటే వందల గంటల చేతిపని ఉంటుంది. రెండు గొట్టాల గుళ్ళూ ఒకే చోట పడేలా కాల్చి చూస్తూ, గొట్టాల అతుకు కరిగించి కదిపి మళ్ళీ అతుకుతూ సరిచేస్తారు. అదీ ఒకే రకం తూటాకు. తూటా మారితే గొట్టాలు చెరొక దారి పడతాయి. ఈ శ్రమకు కోటి రూపాయలు ఎక్కువనడం కష్టం. కొలతిచ్చి చేయించుకున్న కర్ర భుజానికి సరిగ్గా కుదిరితే దగ్గర్లో దూకే జంతువు మీద తుపాకీ తనంత తానే గురికి వస్తుంది.

చిక్కేమిటంటే కొలతలు ఇచ్చినవాడు వేరు, మోస్తున్నవాడు వేరు. విదేశీ తుపాకులను సొంతానికి తెప్పించుకోవడం 1980ల నడుమ నుంచి దాదాపు ఆగిపోయింది. పేరుపొందిన క్రీడాకారులకు మాత్రం సందు ఉంది. మిగతావారికి దొరికేవి పాత సంస్థానాల్లోంచి, తోటల దొరల బంగళాల్లోంచి చేతులు మారి వచ్చినవే. ఆరడుగుల దొర చేతికి కొలిచిన కర్రను అయిదడుగుల అయిదంగుళాల సావుకారు పట్టుకుంటే మెడ ముందుకు చాచవలసి వస్తుంది. అప్పుడు గురిచూసే స్కోపు కంటికి దగ్గరవుతుంది. పెద్ద మృగాల కోసం హోలండ్ అండ్ హోలండ్ 1912లో తెచ్చిన .375 తూటా వెనక్కి తన్నే తన్ను తక్కువది కాదు. అందుకే ఈ జాతివాణ్ని గుర్తించడానికి పుస్తకం అక్కర్లేదు. కుడి కనుబొమ పైన అర్ధచంద్రాకారంలో ఒక గాటు ఉంటుంది. ఎలుగుబంటి గీరిందని చెబుతాడు. 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం జిల్లా చరిత్రలో భాగం కాబట్టి విన్నవాళ్ళు నమ్ముతారు.

దేశంలోకి కొత్తవి రాకపోవడం వల్ల ధరకు, నాణ్యతకు సంబంధం తెగింది. చెకొస్లవేకియా కార్ఖానాలో వేలాదిగా తయారైన బ్రునో .22 ఇక్కడ లక్షలు పలుకుతుంది. మంచి తుపాకీయే, కానీ ఆ లక్షలు దాని ఉక్కువి కావు, కరువువి. ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే .315 మాత్రం ఎవరి పెట్టెలోనూ మఖమలు మీద పడుకోదు. సైన్యం తూటా సామాన్యుడి తుపాకీలో పట్టకూడదని వేరే కొలతతో చేసిన రైఫిలది, లీ ఎన్‌ఫీల్డ్ వంశం. మోటుగా ఉంటుంది, పేలుతుంది. సావుకారు దాన్ని కాపలావాడి తుపాకీ అంటాడు.

మూడో సాక్ష్యం గాజు. ఇక్కడ సావుకారు పక్షాన కొంత న్యాయముంది. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా వెలుతురులో నూటికి నాలుగు వంతులు వెనక్కి కొడుతుంది. స్కోపులో పదహారు ముఖాలుంటే కంటిదాకా చేరేది సగానికి కాస్త పైన. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా పూత వేయడం కనిపెట్టాక కథ మారింది. ఇప్పటి మంచి పూతతో ఆ పదహారు ముఖాలు దాటినా తొంభై శాతానికి పైగా వెలుతురు నిలుస్తుంది. పైగా మంచి స్కోపు తన్ను తిన్నాక కూడా గురి తప్పదు, తిప్పినంత మేరకే తిరుగుతుంది. తుపాకీ మీద పెట్టే డబ్బులో దీనికి పెట్టేది ఎక్కువ భాగం గిట్టుబాటే. మధ్యరకం దాటాక మాత్రం ఒకటి రెండు శాతం వెలుతురు కోసం ధర రెట్టింపు అవుతుంది, ఆ ఒకటి రెండు శాతం కన్ను గుర్తుపట్టదు.

సావుకారు అక్కడ ఆగడు. ఎనిమిది రెట్లు, యాభై ఆరు మిల్లీమీటర్ల స్వరోవ్‌స్కీ స్కోపు కొంటాడు, రెండు మూడు లక్షల మాట. యాభై ఆరును ఎనిమిదితో భాగిస్తే ఏడు. అంటే ఏడు మిల్లీమీటర్ల వెడల్పున వెలుతురు కంటి మీద పడుతుంది. చీకట్లో పాతికేళ్ళవాడి కంటిపాప అంత విచ్చుకుంటుంది. అరవై దగ్గరపడ్డవాడిది అయిదు దాటడం కష్టం. మిగిలిన వెలుతురు కనుపాప చుట్టూ పడి వృథా అవుతుంది. శుక్లాల ఆపరేషన్ చేయించుకుంటే ఇంతకంటే బాగా కనిపిస్తుందని ఇంట్లోవాళ్ళు చెబుతారు, ఖర్చు కూడా తక్కువ.

దసరా ఆయుధపూజనాడు ట్రాక్టరు, బోరుమోటారు, వేటకొడవలి వరసలో రైఫిలు కూడా కూర్చుంటుంది. ఇల్లాలు అన్నింటికీ పక్షపాతం లేకుండా పసుపూ కుంకుమా పెడుతుంది. బొట్టు పెట్టడానికి గుండ్రంగా, నునుపుగా కనిపించే చోటు స్కోపు ముందరి గాజే. మర్నాడు సావుకారు దాన్ని పంచెకొంగుతో గట్టిగా తుడుస్తాడు. స్మకులా పూతకు అంతకు మించిన పరీక్ష జర్మనీలో కూడా పెట్టి ఉండరు.

ఖరీదు సమర్థించడానికి పెద్దల పేర్లు కూడా తెస్తాడు. జిమ్ కార్బెట్ వాడింది రిగ్బీ కాదా అంటాడు. నిజమే. చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో ఆయనకు బహుమానంగా ఇచ్చిన .275 రిగ్బీ అది. కానీ చెక్కుళ్ళూ పులులూ లేని సాదా బోల్టు రైఫిలు; లోపలి యంత్రం మౌజర్‌ది. పైగా పులి చచ్చాక వచ్చిన తుపాకీ. చిత్తూరు వైపు చామల అడవుల్లో తిరిగిన కెనెత్ ఆండర్సన్ ఆధారపడ్డది కార్ఖానాలో చేసిన .405 వించెస్టర్ మీద. ఈ సంగతులు చెబితే సావుకారు మాట మార్చి వానల గురించి అడుగుతాడు.

దేనికి వాడాలనే ప్రశ్న అన్నింటికంటే ఇబ్బందికరం. వేట నిషేధానికి 1972 వన్యప్రాణి చట్టం పునాది వేసింది. వేట లైసెన్సులన్నవి 1991 సవరణతో పోయాయి. కృష్ణజింకనైతే చట్టం మొదటి షెడ్యూల్లో పెట్టింది. చేను తవ్వే పందినైనా అటవీశాఖ అనుమతి లేనిదే కాల్చకూడదు. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేల్చడం ఒకటి మిగిలేది. 2019 సవరణ చట్టం దానికీ రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని రాసింది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో అప్పగించమంటారు. 2023 మేలో అసెంబ్లీ, 2024 మేలో లోక్‌సభ, ఆ నవంబరులో సండూరు ఉప ఎన్నిక. ట్రిగ్గరు గార్డు మీది చెక్కుడు తీగలకు పురికొసతో అట్టముక్క కట్టి, నంబరు వేసి, లాఠీల పక్కన గోడకు ఆనిస్తారు. విడిపించుకునే రోజున సావుకారు తెల్లగుడ్డతో వెళ్తాడు.

ఇంత ఖరీదు ఎవరికీ గిట్టదని కాదు. పది మీటర్ల ఎయిర్ రైఫిలు టార్గెట్లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచాడు. రజతానికి తేడా 0.4 పాయింటు. అలాంటివాడి చెయ్యి తప్పు ఎంత తక్కువంటే తుపాకీ తప్పు పూర్తిగా లెక్కలోకి వస్తుంది. గుళ్ళను కూడా పెట్టె పెట్టె పరీక్షించి ఏరుకుంటారు. అక్కడ చేతికి, చెంపకు, భుజానికి కొలిచిన రైఫిలు ఎంత ఖరీదైనా పనిముట్టే.

రూపనగుడి సావుకారు విషయంలో తీర్పును చట్టం అతని చేతే చెప్పించింది. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో ఒక్కొక్కరికి మూడు తుపాకులు ఉండవచ్చన్నది రెండుకు తగ్గింది; మూడోది ఏడాదిలోగా అప్పగించాలన్నారు. ఈ రకం మనుషుల ఇళ్ళలో సాధారణంగా ఉండేవి మూడు: లండన్ రైఫిలు, బ్రునో, తాతలనాటి ఒంటిగొట్టం ట్వెల్వ్ బోర్. వీటిలో రాత్రిపూట చేనిగట్టు మీద ఉత్త చప్పుడుతో పందుల్ని తరిమింది ఆ ట్వెల్వ్ బోర్ ఒక్కటే. సావుకారు అప్పగించింది దాన్నే.