కుర్చీలు పదిహేను, ఆటగాళ్లకు రెండు

దేశంలో ఆటలు బాగుపడ్డాయి. నమ్మకం లేకపోతే గెజిట్ చూసుకోండి. జాతీయ క్రీడా పరిపాలన బిల్లు 2025 ఆగస్టు 11న లోక్‌సభ, 12న రాజ్యసభ దాటింది. 18న రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చేసింది. కరీంనగర్ అంబేడ్కర్ స్టేడియంలో టాస్ వెయ్యడానికి ముఖ్య అతిథి రావాలంటే ఇంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది.

ఇకమీదట జాతీయ సమాఖ్య కార్యవర్గంలో 15 మందికి మించి ఉండకూడదు. వాళ్లలో నలుగురు మహిళలు, ఇద్దరు పేరున్న క్రీడాకారులు తప్పనిసరి. ఆటల సంఘంలో ఆడినవాళ్లు ఇద్దరేనా అని ముఖం చిట్లించకండి. పూలదండలకు మెడలు కావాలి కదా! 70 ఏళ్లు దాటితే పోటీకి అనర్హులు. అంతర్జాతీయ సంఘం సరేనంటే 75 దాకా ఫరవాలేదు. మోకాళ్లు అరిగాయని ఆటగాణ్ని ముప్పై అయిదుకే ఇంటికి పంపిస్తాం గానీ, కుర్చీలో కూర్చునేవాడికి మోకాళ్లతో ఏం పని?

సమాచార హక్కు మాత్రం సర్కారు సాయం తీసుకునే సంఘాలకే వర్తిస్తుంది. క్రికెట్ బోర్డు సర్కారును పైసా అడగదు. అందుకని మనం దాన్ని లెక్క అడగకూడదు.

ఢిల్లీ కుర్చీలు లెక్కపెట్టింది సరే, కింద క్లబ్బులు ఎవరి ఇంట్లో ఉన్నాయో ఎవరు చూస్తారు? సుప్రీంకోర్టు పంపిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు 2023లో హైదరాబాద్ క్రికెట్ సంఘం తలుపు తీసి చూస్తే, ఒక్కో గుప్పిట్లో ఎన్నేసి క్లబ్బులో! 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టాల్సి వచ్చింది. మరి బాసర నుంచి బెజ్జూరు దాకా పరుచుకున్న పాత ఆదిలాబాద్ జిల్లాకు ఉన్న ఓటు ఒక్కటే. కరీంనగర్‌కూ అంతే. అక్కడ ఒక ఇంటి భోజనాల బల్ల చుట్టూ ఉన్నన్ని ఓట్లు ఇక్కడ రెండు జిల్లాలకు కలిపి లేవు.

ఇదంతా స్టేడియం బయట చాయ్ తాగుతున్న ఒక కాకకు వివరంగా చెప్పాను.

"గట్లయితే మనం గూడ ఇంటికో క్లబ్బు పెడదాం బిడ్డా" అన్నాడు.

"మనింట్ల ఎవలకు ఆట రాదు గదా కాకా!"

"ఆట ఎవలడిగిన్రు? రబ్బరు స్టాంపు ఎంతైతదో సూడు."