గుద్దులు ఇద్దరివి, బిల్లు దేశానిది

ప్రజల సొమ్ముతో పండగ చేసి దానికి దేశగౌరవం అని పేరు పెట్టే విద్యలో ఒకప్పటి జైర్ నియంత మొబుటు సెసె సెకో గారిని గురువుగా ఒప్పుకోవాల్సిందే. అనుమానం ఉన్నవాళ్ళు లియోన్ గాస్ట్ తీసిన ‘వెన్ వి వర్ కింగ్స్’ చూడండి. 1974 అక్టోబరు 30న జైర్ (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్) రాజధాని కిన్షాసాలో మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్ తలపడ్డ హెవీవెయిట్ పోటీ మీద తీసిన డాక్యుమెంటరీ అది.

బాక్సర్లకు తలా 50 లక్షల డాలర్లని ప్రమోటర్ డాన్ కింగ్ మాటిచ్చాడు. మాట ఆయనది, సొమ్ము జైర్‌ది. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. ఇంతా చేసింది ప్రపంచపటంలో దేశానికి చోటు సంపాదించడం కోసమట! అక్కడి రాగి, కోబాల్టు తవ్వుకుపోయేవాళ్ళకు ఆ చోటు ఎక్కడుందో ఎప్పటినుంచో తెలుసు.

పోటీ తెల్లవారుజామున నాలుగింటికి పెట్టారు. అమెరికాలో హాళ్ళకెళ్ళి తెర మీద చూసేవాళ్ళకు అప్పుడైతేనే వీలు మరి. ఆఫ్రికా ఆత్మగౌరవం అమెరికా గడియారం చూసుకుని నిద్ర లేచింది. ఇంత చేయించిన మొబుటు దొరగారు స్టేడియానికే రాలేదు, తన పెద్ద బొమ్మను పంపించి తాను ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. జనం ప్రేమ మీద అంత గురి!

అలీ సంగతి వేరు. 32 ఏళ్ళ వయసులో తాళ్ళకు ఆనుకుని, 25 ఏళ్ళ ఫోర్‌మన్ గుద్దులన్నీ కాచుకుని, అవతలివాడు అలిసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. దానికి ఎవరైనా దణ్ణం పెట్టాల్సిందే. ‘అలీ బొమా యే’ (అలీ, వాణ్ణి చంపెయ్) అన్న జనం కేకా నిఖార్సయినదే. పేచీ అంతా ఆ కేకను తన జమాఖాతాలో రాసుకున్నవాడితోనే.

సినిమా మొబుటు క్రూరత్వాన్ని దాచలేదు. కానీ నాలుగు చేదుమాటలు చెప్పేస్తే బాధ్యత తీరినట్టే, ఇక సినిమాలోని జేమ్స్ బ్రౌన్ పాటకు చిందెయ్యొచ్చు. కుర్చీ వేసుకుని తీరిగ్గా కథ చెప్పే భాగ్యం నార్మన్ మెయిలర్, జార్జ్ ప్లింప్టన్‌లాంటి అమెరికన్ రచయితలది. బిల్లు కట్టిన కిన్షాసావాళ్ళకు చాలావరకు కేకలేసే వేషమే దక్కింది.

1997 మార్చిలో ఈ చిత్రానికి ఆస్కార్ వచ్చింది, మే నెలలో మొబుటు కిన్షాసా వదిలి పారిపోయాడు. తాళ్ళకు ఆనుకుని దెబ్బలు కాచుకోవడం జైర్ జనానికి మొబుటు గద్దెనెక్కిన 1965 నుంచీ అలవాటే. వాళ్ళ ఎనిమిదో రౌండు రావడానికి ముప్పైరెండేళ్ళు పట్టింది.

విద్య మాత్రం గురువుతో పోలేదు. 1975లో ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ మనీలాలో అలీని, ఫ్రేజర్‌ను దింపాడు. ఇప్పుడు ఆ పీట సౌదీ రాజధాని రియాద్‌ది. వీటి మీదా డాక్యుమెంటరీలు వస్తూనే ఉంటాయి. తీసేవాళ్ళకు ఒక్కటే మనవి: ముందు బిల్లు చూపించండి, గుద్దులు తర్వాత చూస్తాం.