కెర్నెల్ మార్చనివాడు మనిషే కాదు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ కుర్రాళ్ళు ఒకప్పుడు ఏ హీరో గొప్పని కొట్టుకునేవారు. ఇప్పుడు ఏ లినక్స్ గొప్పని కొట్టుకుంటున్నారు. తేల్చడానికి కొలబద్ద ఒక్కటే: కొత్త కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, ఎందులో సులువుగా ఎక్కుతుంది? తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపిస్తాయా, ప్రింటరు పనిచేస్తుందా అని అడిగేవాడు పాత తరం మనిషి.

మా మేనల్లుడు ఈ మతంలో కొత్తగా కలిశాడు. 2023లో వచ్చిన డెబియన్ 12లో 6.1 కెర్నెల్ చూసి "మావయ్యా, ఇది మ్యూజియం సరుకు" అన్నాడు. ముందు రెండంకెలు కదలకపోయినా దానికి భద్రతా సవరణలు వస్తూనే ఉంటాయిరా అని చెప్పబోయాను. తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నెల్ దిగుతుంటే నా మాట వినే తీరిక ఎక్కడిది?

నెంబర్ల మోజు మా ఊరికి కొత్త కాదులెండి. మా ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం 1072.5 మీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడుగని చుట్టాలందరికీ చెప్పుకున్నవాళ్ళమే. ఆ పేరు 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి పట్టుకుపోయాయి. అందువల్ల మాత్రం ఏ బండీ లేటవలేదు.

సరే, మా మేనల్లుడు ఆర్చ్ లినక్స్ వేశాడు. ఒక్క కమాండుతో కొత్త కెర్నెల్ వచ్చేస్తుంది, నిజమే. పాతదాన్ని తుడిచేసి మరీ వస్తుంది. పక్కన ఎక్కువకాలం సవరణలొచ్చే ఎల్‌టీఎస్ కెర్నెల్ కూడా ఒకటి ఉంచుకోరా అంటే, అది ముసలాళ్ళకట. ఫెడోరా మామూలుగా మూడు కెర్నెళ్ళు ఉంచుతుంది. కొత్తది మొరాయిస్తే బూట్ మెనూలో పాతదానికి వెళ్ళిపోవచ్చు. డెబియన్‌లో సొంతంగా కంపైల్ చేసిన కెర్నెల్‌ని ప్యాకేజీగా కట్టి వేసుకోవచ్చు, వద్దనుకుంటే అంతే తేలిగ్గా తీసేయవచ్చు. ఈ సంగతి ఎవడూ మాట్లాడడు. ఎక్కించడంలో ఉన్న మగతనం దించడంలో లేదు మరి!

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాడికి కొత్త కెర్నెల్ అవసరమే. పాతదాంట్లో ఆ ల్యాప్‌టాప్ డ్రైవర్లు ఉండకపోవచ్చు. మావాడిది వాళ్ళన్న వాడి వదిలేసిన పెట్టె.

ఆర్‌ఆర్‌బీ రైల్వే ఉద్యోగం దరఖాస్తుకు ఆఖరి రోజు, సాయంత్రం పూట, శుభమా అని కెర్నెల్ మార్చాడు. వైఫై పోయింది. దాని డ్రైవరు కెర్నెల్‌తో పాటు వచ్చేది కాదు, కెర్నెల్ మారినప్పుడల్లా మళ్ళీ కంపైల్ కావాలి. కాలేదు. గోల్‌బజార్‌లో నెట్ సెంటరుకి పరిగెత్తి, ఏనాటిదో విండోస్ మీద ఫారం నింపి వచ్చాడు. వచ్చీరాగానే యూనేమ్ కమాండు కొట్టి కెర్నెల్ నెంబరు చూపించాడు. నెంబరు బ్రహ్మాండంగా ఉంది.

తప్పు ఆర్చ్‌దేనని తేల్చి, ఇప్పుడు జెంటూ అంటున్నాడు. అందులో కెర్నెల్ ఒక్కటే కాదు, దాదాపు సమస్తమూ మన మిషను మీదే కంపైల్ చేసుకోవచ్చు, రాత్రంతా. రైల్వే క్వార్టరు కరెంటు డబ్బులు బావ జీతంలోంచే కోస్తారు. ఈ జెంటూ సంగతి ఆయనకింకా తెలీదు.